అల్కటి గాలం

బీదర్ ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో ఉన్నంతసేపూ కాశప్ప తిరుమలేష్‌ని ‘సారూ’ అనే పిలిచేవాడు. ఖటక్ చించోళిలో బస్సు దిగి, రోడ్డు దాటి, జొన్నచేల గట్టు ఎక్కగానే ఆ సారు కాస్తా ‘తమ్మీ’ అయిపోయేవాడు. ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు, పదకొండేళ్లుగా అలా నడుస్తోంది, అంతే. సాయంత్రం బీదర్ బస్టాండులో దిగి చెప్పుల దుమ్ము దులుపుకున్నాక మళ్లీ సారూ. ఒకసారి తిరుమలేష్ నవ్వుతూ అడిగాడు, గంజ్‌లో కూడా తమ్మీ అంటే ఏం పోతుందని. కాశప్ప తలకి చుట్టుకున్న తువ్వాల తీసి మొహం తుడుచుకుని, “గంజ్ల నువ్వు కుర్చీల కూసుంటవ్ గద సారూ” అన్నాడు.

తిరుమలేష్‌ది సిద్దిపేట వైపు. ఉద్యోగం కోసం బీదర్ వచ్చి, గంజ్‌లో ఓ పప్పు కంపెనీ గోదాములో కుదురుకున్నాడు. వచ్చిన కందుల్ని గుప్పిట్లో పోసుకుని తేమ ఎంతుందో చెప్పడం అతని పని. మిషను ఉంది కానీ, మిషను ముల్లు నిలబడేలోపే తిరుమలేష్ అంకె చెప్పేసేవాడు, రెండూ ఒకటే అయ్యేవి. తన చెయ్యంటే అతనికి కొంచెం గర్వం. కాశప్ప అదే గోదాములో హమాలీ. చిట్గుప్ప దగ్గరి పల్లెలో తాతల నాటి నుంచీ తెలుగు మాట్లాడుకుంటున్న ఇంట్లో పుట్టాడు. నిండు బస్తాని వీపు మీద వేసుకుని, ఊగే పలక మీదుగా లారీ ఎక్కుతూ కూడా కబుర్లు చెప్పగలిగిన మనిషి.

అమావాస్య నాడు గంజ్ బంద్. ఆ రోజు ఇద్దరూ పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని వెళ్లి, చించోళి దగ్గర దిగి, రాళ్లూ తుమ్మ చెట్లూ దాటుకుంటూ రెండు కోసులు నడిస్తే కారంజ ఏటి వంపులో ఒక మడుగు వస్తుంది. ఒడ్డున బర్రె పడుకున్నట్టు నల్లటి బండ ఉంటుంది కాబట్టి వాళ్లిద్దరూ దానికి బర్రెగుండు మడుగని పేరు పెట్టుకున్నారు. సాయంత్రం దాకా గాలాలు వేసుకుని కూర్చునేవాళ్లు. అమావాస్య పూట ప్రయాణమేమిటని తిరుమలేష్ భార్య సూర్యకళ ప్రతి నెలా సాధించేది, ప్రతి నెలా జొన్నరొట్టెలు మూటకట్టి ఇచ్చేది.

ఇదంతా కిందటి మాఘం దాకా.

ఆ మాఘంలో కందుల సీజను ముమ్మరంగా ఉంది. సాయంత్రం లోపు లారీ కదలాలి, పదకొండు బస్తాలు మిగిలాయి. కాశప్ప కుర్చీ దగ్గరికి వచ్చి కుడిచెయ్యి విదిలించాడు.

“తిమ్మిరెక్కినట్టున్నది సారూ. కొండి పట్టు దొరుకుతలేదు.”

కొండి అంటే బస్తాకి గుచ్చి లాగే ఇనుప కొక్కెం. అది చేతిలోంచి జారితే కాలి మీద పడుతుంది. తిరుమలేష్ కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, “లైట్ తీస్కో కాశప్పా. పదకొండే గద ఉన్నయి” అన్నాడు.

“ఏందది సారూ, లైట్ తీస్కునుడు?”

“పట్టించుకోకు అని. హైదరాబాద్ల ఇప్పుడు అందరు గట్లనే అంటున్నరు.”

నిజంగానే అనేవారు. రెండు వారాల కింద తిరుమలేష్ హైదరాబాద్‌లో మేనల్లుడు ప్రణయ్ ఇంటికి వెళ్లొచ్చాడు. ప్రణయ్ ప్లాట్లు అమ్మేవాడు. ఆ ఊళ్లో ఆ రోజుల్లో రేటు పెరిగినా లైట్ తీస్కో, రోడ్డు వెడల్పులో ఇల్లు పోయినా లైట్ తీస్కో. అక్కడ విన్న మాటను మనవాడు బీదర్ దాకా మోసుకొచ్చి, కొత్త చొక్కా చూపించినట్టు అందరికీ చూపిస్తున్నాడు. కాశప్పకి కూడా ఆ మాట నచ్చింది. లోపల్లోపల రెండుసార్లు అనుకుని, నవ్వి, కొండి తీసుకుని వెళ్లాడు. నాలుగో బస్తా దగ్గర పలక మీద నుంచి పక్కకి ఒరిగిపోయాడు.

లక్వా అన్నారు, పక్షవాతం. ప్రాణం దక్కింది. మాట పది రోజులకు తిరిగొచ్చింది, కాలు నెలకి కదిలింది. కుడిచెయ్యి మాత్రం వచ్చీ రానట్టు వచ్చింది. వేళ్లు ముడుస్తాడు, తెరుస్తాడు, కానీ ఆ చేతికి స్పర్శ లేదు. వేడి చాయ్ గ్లాసు పట్టుకుని చర్మం బొబ్బలెక్కినా తెలియలేదు. ఆస్పత్రిలో వ్యాయామం చేయించే విద్య మేడం ఓ రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమంది, ఇంట్లో చిన్న చిన్న పనులు ఆ చేత్తోనే చేయించమంది. “హల్కా హల్కా కామ్” అంది ఆవిడ. బీదర్‌లో పుట్టినవాడికైనా, వచ్చి స్థిరపడ్డవాడికైనా ఆ మాట తెలిసిందే. మన నోట్లో పడి అది అల్కటి పని అవుతుంది. తేలికైన పని, తేలికైన వస్తువు, రెండిటికీ అదే మాట. తిరుమలేష్ ఆ అల్కను బుర్రలో మేకు కొట్టినట్టు కొట్టుకున్నాడు. నా కోపమల్లా అక్కడే. ఆవిడ పని గురించి చెప్తే ఇతను బరువు గురించి విన్నాడు.

చైత్రం నాటికి కాశప్ప బంతి పిసకడం మానేశాడు. అతని భార్య అంబమ్మ గోదాముకి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

“గోడ దిక్కు జూస్కుంట కూసుంటుండు సారూ. బాల్ ఇస్తె ఇసిరి కొడ్తుండు. దవాఖానకు రమ్మంటె రాడు. మీరన్న జర చెప్పుండ్రి.”

తిరుమలేష్ ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాడు. రేకుల ఇల్లు, ముందు చిన్న వాకిలి. కాశప్ప మంచం మీద కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే తల ఊపాడు. తిరుమలేష్ మడుగు గురించి ఎత్తాడు. కాశప్ప చాలాసేపు విని, కుడిచేతిని ఎడమచేత్తో తీసి, ఇతరుల వస్తువును చూపించినట్టు చూపించాడు.

“ఇది నాది గాదు సారూ. నా పక్కకు పండవెట్టిన్రు, గంతే.”

“గట్ల అనకు.”

“మరెట్లనాలె? సరె, ఒక్క ముచ్చట చెప్త. ఈ చేతితోని ఒక్క చేపను తీస్త. ఒక్కటే. తీసిననంటె చేయి ఉన్నదని ఒప్పుకుంట, నువ్వు చెప్పినన్ని దినాలు బాల్ పిసుకుత. తియ్యకపోతె నన్ను మల్ల అడగొద్దు. బాల్ లేదు, దవాఖాన లేదు. గిట్లనే కూసుంట.”

ఒక్కసారే అన్నాడు, రెండోసారి లేదన్నాడు. తిరుమలేష్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? లైట్ తీస్కో అన్న మాట రోజూ తెల్లారి లేవగానే అతనికి మొదట గుర్తొస్తోంది. కాశప్ప ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. మరిచిపోయాడో, కడుపులో పెట్టుకున్నాడో తెలియదు. అడిగే ధైర్యం తిరుమలేష్‌కి లేదు.

కాశప్ప పాత గాలం వాసానికి వేలాడుతూ ఉంది. బాగా పొడుగు వెదురు, మొదట్లో మణికట్టంత లావు. దానితో కొర్రమట్ట చేపనీ లాగొచ్చు, అవసరమైతే గొడ్డునీ అదిలించొచ్చు. “గదే తీస్కపోదాం” అన్నాడు కాశప్ప. తిరుమలేష్ ససేమిరా అన్నాడు. అంత పొడుగు కర్రని బస్సులో పెట్టనివ్వరు, కండక్టర్‌తో ప్రతిసారీ పంచాయితీ. పైగా ఈసారి మంచినీళ్లూ రొట్టెలూ గొడుగూ అన్నీ తిరుమలేషే మోయాలి, కాశప్పకి ఎడమచేతిలో ఊతకర్ర ఉంటుంది. అన్నిటికీ మించి, బలం లేని చేతికి అంత బరువేమిటి? సంచిలో మడిచి పెట్టుకుపోయేది, అల్కటిది కావాలి. అంతకన్నా తిన్నని ఆలోచన ఉంటుందా? నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

అప్పటినుంచీ నెల రోజులు గాలం వెతకడమే పని. బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని బొమ్మలు తీయించి, ఆ కాగితాలు పట్టుకుని సాయంత్రం సాయంత్రం కాశప్ప వాకిట్లో వాలేవాడు. ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాల గాలాలు, ముక్కలు ముక్కలుగా అతికించే గాలాలు, చక్రం ఉన్నవి, చక్రం లేనివి. మొదటి రెండు రోజులూ కాశప్ప అటు చూడనే లేదు. మూడో రోజు ఓ కాగితం ఎడమచేత్తో లాక్కున్నాడు.

“గిది రేడియో ఏరియల్ లెక్క ఉన్నది. దీనికి చేప తగుల్తదా, వార్తలు తగుల్తయా?”

అంబమ్మ రొట్టె తట్టడం ఆపి లోపలి నుంచి తొంగి చూసింది. మూడు నెలల్లో ఆ మనిషి వేసిన మొదటి హాస్యం అది.

తర్వాత అసలు విద్యంతా బయటికొచ్చింది. గొట్టాలు ఎక్కువైతే చిన్నగా ముడుచుకుంటుంది గానీ అతుకు అతుకునా వంపు తెగిపోతుందన్నాడు. వంపు మొదటి నుంచి కొస దాకా ఒక్కతీరుగా రావాలి, లేకపోతే చేప గుంజినప్పుడు కొస ఒక్కటే వంగి విరుగుతుంది. చక్రం వద్దన్నాడు, చక్రం తిప్పడానికి రెండో చెయ్యి కావాలి కాబట్టి. దారం కొసకే కట్టుకోవాలి. ఇసుక రేణువు దూరితే గొట్టాలు బిగుసుకుంటాయి, అందుకని తుడిచి మడిచే గుడ్డ ఒకటి ఉండాలి. తిరుమలేష్ అన్నీ కాగితం వెనక రాసుకున్నాడు. ఆ నెల రోజులూ కాశప్ప గోడ వైపు తిరగలేదు. గాలం దొరక్కపోతేనే బాగుండునని తిరుమలేష్‌కి ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా. వెతికినంతకాలం ఆ మనిషి బతికే ఉన్నాడు మరి.

అలాంటి ఓ సాయంత్రం అంబమ్మ చాయ్ ఇస్తూ ఒక మాట అంది. “ఈ చేయి మర్మమేందో నాకు సమజైతలేదు సారూ. నీళ్లు నిండుగున్న ఇత్తడి చెంబిస్తె పట్టుకుంటడు. అల్కటి గిలాస ఇస్తె జార విడుస్తడు. ఉల్టా ఉన్నది యవ్వారం.”

తిరుమలేష్ “ఔనా” అన్నాడు. అతని కళ్లు కాగితం మీద గ్రాముల అంకెల్లో ఉన్నాయి. ఆ మాటని చెవిన పడేసుకున్నాడు గానీ లోపలికి పోనివ్వలేదు.

వైశాఖం చివర్లో ఒక ఆదివారం హైదరాబాద్ వెళ్లాడు. ఊరు ఊరంతా తవ్వి పోసి ఉంది. ప్రణయ్ స్కూటర్ మీద బేగంబజార్ తీసుకెళ్తూ దారి పొడుగునా ఫోన్‌లో గజాలూ ఎకరాలూ మాట్లాడాడు. వలలూ తాళ్లూ అమ్మే పాత దుకాణంలో, కళ్లజోడు ముక్కు కొసకి జారిన ముసలాయన మూడు గాలాలు తీసి బల్ల మీద పెట్టాడు.

మొదటిది ఆకుపచ్చ ఫైబర్‌ది. లావు గొట్టాలు, మొదట్లో చెక్క పిడి. ముడిస్తే మూరెడు. లారీ ఎక్కినా ఏం కాదన్నాడు. చేతిలోకి తీసుకుంటే బాగానే బరువుంది. రెండోది నాలుగు ముక్కలది, గుడ్డ సంచీతో సహా. వంపు చూస్తే ముచ్చటేసింది, కాశప్ప చెప్పిన ఒక్కతీరు వంపు అదే. కానీ ముక్క ఒక్కోటీ చేయంత పొడుగు, సంచిలోంచి బయటికి పొడుచుకొస్తుంది. మూడోది నల్లగా సన్నగా ఉంది. ముడిస్తే జానెడున్నర, లాగితే రెండు నిలువుల పొడుగు. ముసలాయన దాన్ని చిన్న తక్కెడలో వేసి చూపించాడు. నూట పది గ్రాములు.

తిరుమలేష్ కళ్లు మూసుకుని దాన్ని అరచేతిలో పెట్టుకున్నాడు, కందుల్ని చూసినట్టే.

“హాత్ మే హై కి నై, మాలూమిచ్ నై హోతా సాబ్!” అన్నాడు ముసలాయన గొప్పగా. చేతిలో ఉందో లేదో కూడా తెలియదు సాబ్ అని.

నిజమే, తెలియలేదు. తిరుమలేష్ మొహం విప్పారింది. దీన్ని ఎత్తలేనంత బలహీనమైన చెయ్యి లోకంలో ఉండదనుకున్నాడు. ధర విని ప్రణయ్ నోరు వెళ్లబెట్టి, రెండోది తీసుకో మామా అన్నా వినలేదు. తేమ చెప్పే తన చేతి మీద అంత నమ్మకం. తనది బాగున్న చెయ్యి అని, అవతలిది వేరే చెయ్యి అని ఆ బల్ల దగ్గర అతనికి తట్టలేదు.

వాకిట్లో గాలం విప్పి చూపించినప్పుడు కాశప్ప దాన్ని మొదటి నుంచి కొస దాకా కళ్లతో తడిమాడు. తర్వాత కుడిచెయ్యి చాపాడు. తిరుమలేష్ పిడిని ఆ వేళ్ల మధ్య పెట్టాడు. కాశప్ప తన వేళ్ల వైపే కళ్లార్పకుండా చూస్తూ, ఒక్కొక్కటే ముడిచాడు. గాలం లేచింది. కొస గాల్లో వణికింది. పావుగంట సేపు పట్టుకున్నాడు, చూపు మాత్రం చేతి మీంచి కదల్చలేదు.

“చేతుల ఉన్నట్టే తెలుస్తలేదు సారూ” అన్నాడు.

“గదే దీని గొప్పతనం!” అన్నాడు తిరుమలేష్. దుకాణంలో ముసలాయన అన్న మాట చెప్పాడు. ముగ్గురూ నవ్వారు. అంబమ్మ కళ్లు కొంగుతో ఒత్తుకుంది.

అమావాస్య వచ్చింది. గోదాము నల్లా కింద తవ్విన ఎర్రలు డబ్బాలో, రొట్టెలు మూటలో, గాలం సంచి అడుగున. బస్సు ఎక్కుతుంటే కండక్టర్ సంచి వైపు చూశాడు, ఏమీ అనలేదు. ఎప్పుడూ “ఉద్ద కోలు బ్యాడ్రి” అని, పొడుగు కర్ర వద్దని కన్నడంలో అరిచే మనిషే. తిరుమలేష్ చిన్నపిల్లాడిలా సంబరపడి కాశప్పని మోచేత్తో పొడిచాడు.

ఖటక్ చించోళిలో దిగారు. రోడ్డు దాటడానికి కాశప్పకి చాలాసేపు పట్టింది. ఊతకర్ర, కాలు, ఈడ్చే కాలు, మళ్లీ ఊతకర్ర. ఇసుక లారీలు ఒకదాని వెనకొకటి పోతూ ఇద్దరి మీదా దుమ్ము పోశాయి. గట్టు ఎక్కాక కాశప్ప ఆగి, రొప్పు తీర్చుకుని, వెనక్కి తిరిగాడు.

“గొడుగు దియ్యి తమ్మీ. ఎండ దంచుతున్నది.”

తిరుమలేష్ గొడుగు తీయడానికి సంచిలో తల దూర్చినంత పని చేశాడు. కళ్లు నిండిపోయాయి, అవి కనబడకూడదు. నాలుగు నెలల తర్వాత విన్నాడు ఆ పిలుపుని. ఇంక ఆ రోజు ఏం జరిగినా ఫరవాలేదనుకున్నాడు పిచ్చివాడు.

గంటన్నర దారి మూడు గంటలు పట్టింది. మడుగు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మడుగు కూడా పాతది కాదు. పైన ఏరంతా ఇసుక తోడేశారు, హైదరాబాద్ మేడలకి ఎంత ఇసుకైనా చాలదు. ఒకప్పుడు తెల్లగా పరుచుకున్న చోట గుంటలు, గుంటల్లో ఆకుపచ్చ నీళ్లు. బర్రెగుండు మొదట్లో మాత్రం లోతు మిగిలి ఉంది. లారీలు నెల తిరిగేలోపు ఇక్కడిదాకా వస్తాయని తోవలో ఓ మేకలాయన చెప్పాడు. ఒక్కసారే అన్న కాశప్ప మాట ఏటికి కూడా వర్తించేలా ఉంది.

కాశప్పని బండ మీద కూర్చోబెట్టి, తిరుమలేష్ గాలం విప్పాడు, దారం కట్టాడు, బెండు కట్టాడు, ముల్లుకి ఎర్ర గుచ్చాడు. అప్పుడు జేబులోంచి రుమాలు తీశాడు.

“మణికట్టుకు కడ్త. జారకుంట ఉంటది.”

“ఎందుకు, నేనేమన్న ఎద్దునా కట్టేసెతందుకు?” కాశప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “కట్టిచ్చుకుంటె చేపను నేను పట్టినట్టా, నీ రుమాలు పట్టినట్టా? ఉట్టిగనే ఇయ్యి.”

తిరుమలేష్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిడిని ఆ వేళ్లలో ఉంచాడు. కాశప్ప వాటిని చూస్తూ చూస్తూ ముడిచాడు. దారం నీళ్లలో పడింది. తెల్ల బెండు నిలబడింది.

గాలం వేసినవాడు చేతిని చూడడు, బెండును చూస్తాడు. ఆ సంగతి పదకొండేళ్లుగా తెలిసి కూడా ఇద్దరిలో ఒక్కరికీ గుర్తుకు రాలేదు. ఇంట్లో వాకిట్లో బెండు లేదు, నీళ్లు లేవు. అక్కడ కాశప్ప తన చేతిని చూసుకున్నాడు కాబట్టి చెయ్యి పట్టుకుంది. ఇక్కడ బెండు తేలగానే అతని కళ్లు, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, వెళ్లి దాని మీద వాలాయి.

పది నిమిషాలు గడిచాయి. కాశప్ప మొహం మారిపోయింది, బుగ్గలు బిగుసుకున్నాయి, కళ్లలో పాత మెరుపు వచ్చింది. “అటు కొసకు ఎగురుతున్నయి చూడు తమ్మీ. ఎండ జర తగ్గితె కొర్రమట్ట లేస్తది” అన్నాడు గుసగుసగా. తిరుమలేష్ అతని మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు. అంతకన్నా ఏం కావాలి?

అప్పుడు మాత్రమే అతని చూపు కిందికి దిగింది. కాశప్ప చూపుడువేలు పిడి మీంచి పైకి లేచి ఉంది. పక్క వేలు కూడా వదులైంది. తిరుమలేష్ నోరు తెరిచాడు, కానీ ఏమనాలి? చేతిని చూసుకో అంటే బెండు పోతుంది, ఊరుకుంటే గాలం పోతుంది. పోనీ తనే లేచి పట్టుకుంటే అది కాశప్ప పట్టినట్టు కాదు. ఈ మూడూ అతని బుర్రలో ఒకేసారి తోసుకున్నాయి. ఆ లోపు బెండు ఒకసారి ఊగింది, రెండోసారి ఊగింది, బుడుంగున మునిగింది.

నల్లటి గాలం చప్పుడు లేకుండా ఆ చేతిలోంచి జారి, బండ అంచు మీద ఒకసారి టక్కుమని, నీళ్లలోకి వెళ్లిపోయింది.

కాశప్ప అది చూడలేదు. అతని కళ్లు బెండు మునిగిన చోటే ఉన్నాయి. సరిగ్గా ఏ క్షణంలో కొట్టాలో ఆ క్షణంలోనే భుజం కదిలింది, కుడిచెయ్యి పైకి లేచింది. పిడికిలి గట్టిగా మూసి ఉంది. అందులో ఏమీ లేదు.

“పడ్డది తమ్మీ!” అని అరిచాడు. “పట్టిన! పట్టిన! బరువే తెలుస్తలేదు, పిల్ల చేపేమో!”

చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని, ఎడమ అరచెయ్యి బండకి ఆనించి, నవ్వుతూ తిరుమలేష్ వైపు తిరిగాడు. తిరుమలేష్ మొహం చూశాడు. అప్పుడు తన చేతిని చూసుకున్నాడు.

తిరుమలేష్ బట్టలతోనే నీళ్లలోకి దూకాడు. నాలుగడుగుల అవతల గాలం పిడి తేలుతోంది. అందుకునేలోపు చేప దాన్ని లోతుకి తిప్పుకుంది. ఛాతీ దాకా నీళ్లలో నిలబడి రెండు చేతులతోనూ వెతికాడు. అడుగున బురద తగిలింది, రాళ్లు తగిలాయి. అంబమ్మ అన్న నిండు చెంబు అప్పుడు గుర్తొచ్చింది. నిండు చెంబును పట్టుకునే చెయ్యి. బరువును భుజం పసిగడుతుంది, మోచెయ్యి పసిగడుతుంది, వేళ్లకి తెలియకపోయినా పట్టు నిలుస్తుంది. వాసానికి వేలాడుతున్న ఆ వెదురు గాలం తెచ్చుంటే ఈ పాటికి చేప ఒడ్డున పడేది. హైదరాబాద్ దాకా పోయి, కళ్లు మూసుకుని తూచి తూచి, ఆ చెయ్యి కనిపెట్టలేని వస్తువునే ఏరి తెచ్చాడు తను. ఎదుటి చెయ్యి ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు, ఆ రోజు కుర్చీలో కూర్చుని కూడా అడగలేదు.

“రా, ఇగ రా. లోతుంటది అక్కడ” అన్నాడు కాశప్ప పైనుంచి.

తిరుమలేష్ బయటికొచ్చి, నీళ్లు కారుతూ బండ పక్కన నిలబడ్డాడు. కాశప్ప కుడిచేతిని ఎడమచేత్తో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తెరిచి, పంచె మీద చాపాడు.

“వెదురుది తెస్త” అన్నాడు తిరుమలేష్. “వచ్చే అమాస కండక్టర్ కాళ్లు పట్టుకుంట. గాదంటె ఆటో మాట్లాడ్త. బరువుది ఉండాలె కాశప్పా, తప్పు నాది, నీ చేయిది గాదు. ఇంకొక్కసారి...”

కాశప్ప ఊతకర్ర కోసం ఎడమచెయ్యి చాపాడు. తిరుమలేష్ అందించాడు. కాశప్ప లేచి నిలబడి, మడుగు వైపు కాకుండా వచ్చిన దారి వైపు చూశాడు.

“బస్సు ఎన్నింటికి సారూ?”

బర్రెగుండు మీద నిలబడి సారూ అన్నాడు. పదకొండేళ్లలో ఏనాడూ అక్కడ ఆ మాట వినబడలేదు. తిరుమలేష్ బండకి జారగిలబడి వలవలా ఏడ్చాడు. నలభై దాటిన మనిషి, గంజ్‌లో పదిమందికి పని చెప్పే మనిషి.

కాశప్ప అతను ఏడ్చినంతసేపూ ఊతకర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత, కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు, ఓదార్చడానికి తనకి తెలిసిన మాటేదో అదే అన్నట్టు అన్నాడు.

“లైట్ తీస్కో సారూ.”

అని, రొట్టెల మూట ఎడమచేతి మోచేతికి తగిలించుకుని నడక మొదలుపెట్టాడు. ఐదు గంటల బస్సు అందుకోవాలంటే ఇప్పుడే బయల్దేరాలి.